రెండొందల పన్నెండు పొట్టలు

పొట్టలమ్మకు ఆ పేరు పెట్టింది పడవవాడు. పెట్టి ఇరవై ఆరేళ్లయింది. ఆఫీసు కాగితాల్లో ఆవిడ "ప్రయోగశాల సహాయకురాలు, మొదటి శ్రేణి". ఆ మాటతో ఆవిణ్ని పిలిచినవాళ్లు మాత్రం ఇంతవరకూ పుట్టలేదు. సరస్సు ఒడ్డున రేకుల కప్పు గది ఒకటి, అందులో కిటికీ పక్కన ఒక బల్ల, బల్ల మీద మైక్రోస్కోపు. రోజుకు పది పన్నెండు చేపల పొట్టలు కోసి, లోపల ఏముందో చూసి, రాయాలి. అంతే ఉద్యోగం. ఇంటికొచ్చిన చుట్టాలు "మీ ఆవిడ ఏం చేస్తుంటారు?" అని అడిగితే భర్త "గవర్నమెంటు" అని ఊరుకునేవాడు. పొట్టల దాకా వెళితే భోజనాలు ముందుకు సాగవు.

పని మాత్రం ముచ్చటగా చేసేది. చేపను వెల్లకిలా పడుకోబెట్టి, కత్తెర మొన తగిలీ తగలనట్టు గొంతు దాకా పోనిచ్చి, పొట్టను చిరగకుండా బయటికి తీసి గాజు పళ్లెంలో విప్పేది. నీళ్లతో కడిగి, సూదితో ఒక్కొక్కటీ పక్కకు జరిపేది. నత్త పెంకు ముక్క, రొయ్యపిల్ల మీసం, ఏదో పురుగు రెక్క. ఏది ఎవరిదో పుస్తకం తెరవకుండా చెప్పేసేది. కొత్తగా చేరినవాళ్లకు మొదటి రోజే ఒక మాట అప్పజెప్పేది: "ఉంటే ఉందని రాయండి. వెతికాక లేకపోతే లేదని రాయండి. చూడకపోతే గడి ఖాళీగా వదిలేయండి. ఖాళీ వదిలినందుకు ఎవరూ ఉరి తీయరు." ఆ మాట ఆఫీసులో అందరికీ నోటికొచ్చు. డైరెక్టరుగారైతే ఎక్కడ మైకు దొరికినా వాడుకునేవాడు. ఆయన్ని అందరూ పెద్దసారు అంటారు.

కిందటేడు ఒడ్డుగదిలోకి రెండో కుర్చీ వచ్చింది. కుర్చీతోపాటు యూనివర్సిటీలో గణాంకాలు చదివిన అమ్మాయి వచ్చింది. పడవవాడు సాయంత్రానికల్లా "లెక్కలపిల్ల" అని పేరు ఖాయం చేశాడు. కంప్యూటరు తప్ప దేన్నీ ముట్టుకునేది కాదు. చేపల తట్ట లోపలికొస్తే ముక్కు మూసుకుని కుర్చీని గోడవైపు లాక్కునేది.

సరస్సులో ఎవరు ఎవర్ని తింటున్నారో ఒక పట్టిక తయారుచేయడం ఆ పిల్ల పని. లెక్కకొచ్చే ప్రాణులు నలభై ఒకటి. అడ్డంగా నలభై ఒకటి, నిలువుగా నలభై ఒకటి వేస్తే పదహారొందల ఎనభై ఒక్క గడులు. ప్రతి గడిలోనూ ఒకటే ప్రశ్న: వీడు వాణ్ని తింటాడా, తినడా? పొట్టలమ్మ ఇరవై ఆరేళ్లుగా కోసి కోసి తేల్చిన గడులు నాలుగొందలు దాటలేదు.

"మిగతావి ఎలా నింపుతావు తల్లీ? సోదె చెబుతావా?" అంది పొట్టలమ్మ, కత్తెర కడుగుతూ.

"ఇంచుమించు అదే మేడం. మీ పక్కింటాయన మాంసం తింటాడా?"

"ఏమో, నేనెప్పుడూ చూడలేదు."

"చూడలేదు కాబట్టి తినడని రాసేస్తారా?"

"ఎందుకు రాస్తాను? ఆయనకు ముప్పైరెండు పళ్లూ ఉన్నాయి. తమ్ముడు తింటాడు. మాంసం కొట్టు వాళ్ల మెట్ల కిందే."

"నా లెక్కంతా అంతే మేడం. నోరెంత వెడల్పు, దగ్గరి చుట్టాలు ఏం తింటారు, కాపురం ఎక్కడ. ఈ మూడూ చూసుకుని నూటికి ఇంత అని చెబుతాను. చూడని గడిలో లేదని రాయను, ఎంతవరకు ఉండొచ్చో రాస్తాను."

పొట్టలమ్మకు ఆ పిల్ల నచ్చింది ఆ క్షణంలోనే. ముక్కు మూసుకుంటే మూసుకుందిలే అనుకుంది.

పేచీ అంతా ఒక్క గడి దగ్గర వచ్చింది. అడ్డు వరసలో "మీసాలోడు". అడుగున బురద దేవుకుంటూ బతికే చేప. ఈ సరస్సు మీద వలలు వేసే కుటుంబాలన్నీ దాని మీదే ఆధారపడ్డాయి. నిలువు వరసలో "ఎర్రదారం". బురదలో గుంపులుగా ఉండే సన్నటి ఎర్ర పురుగు. ఈ సరస్సులో పడమటి మూలలోనే ఉంటుంది, అక్కడ అరచేతి మందాన బురద తీస్తే అందులో వందలుంటాయి. లెక్కలపిల్ల లెక్క ప్రకారం మీసాలోడు ఎర్రదారాన్ని తినడానికి నూటికి ఎనభై ఆరు పాళ్లు అవకాశం ఉంది. పొట్టలమ్మ రికార్డు ప్రకారం పడమటి మూల నుంచి తెచ్చిన మీసాలోళ్లు రెండొందల పన్నెండు. ఎర్రదారం ఉన్న పొట్ట ఒక్కటి కూడా లేదు.

ఆ మూలను తవ్వేద్దామని పైనుంచి ఒక పథకం వచ్చింది. బురదంతా తోడేస్తే లోతు పెరుగుతుంది, నీళ్లు నిలుస్తాయి. మీసాలోడు ఆ బురద మీదే బతుకుతుంటే తవ్వకూడదు. లేకపోతే రేపే తవ్వుకోవచ్చు. ఆ ఒక్క గడి మీద ఇంత బరువు పడింది.

ఒకరోజు మధ్యాహ్నం లెక్కలపిల్ల స్క్రీను మీంచి తల తిప్పకుండా అడిగింది. "మేడం, పదకొండేళ్ల కిందట ఒక రెండేళ్లు పొట్టల్లో ముద్ద బాగా ఎక్కువగా ఉంది. గుర్తుపట్టలేని ముద్ద అని రాశారు చూడండి, అది. మిగతా ఏళ్లలో పొట్టలో అయిదో వంతుంటుంది. ఆ రెండేళ్లూ సగం దాటింది. ఎందుకంటారు?"

పొట్టలమ్మ కత్తెర కింద పెట్టింది.

"ఎండలు," అంది. "ఆ రెండేళ్లూ ఎండలు మండిపోయాయి."

"ఓ," అని ఆ పిల్ల ఏదో రాసుకుంది.

ఎండలేం మండలేదు. అసలు సంగతి ఇది. అప్పటికి పొట్టలమ్మకు నలభై ఆరేళ్లు. పదిహేనేళ్లుగా సరస్సు ఒడ్డున పనిచేస్తూ, వారానికోసారి పడవెక్కుతూ, ఈత రాని మనిషి. పడవ కాస్త వంగితే చాలు, పడవవాడి చొక్కా పట్టుకునేది. వాడు ప్రతిసారీ "వదులమ్మా, ఉన్నవి రెండే చొక్కాలు," అనేవాడు. ఆ ఏడు మునిసిపల్ ఈతకొలనులో ఆడవాళ్లకు ఉదయం ఎనిమిది నుంచి తొమ్మిది దాకా గంట కేటాయించారు. ఆవిడ పేరు రాయించుకుంది. ఎవరికీ చెప్పలేదు. తల ఆరబెట్టుకుని, బస్సు పట్టుకుని, ఒడ్డుగదికి చేరేసరికి పది దాటేది.

పడవవాడు వల తీసి చేపలతో ఏడున్నరకే ఒడ్డుకు వచ్చేవాడు. అంతకుముందు ఆవిడ ఎనిమిదింటికల్లా కత్తెర పట్టుకునేది. ఇప్పుడు చేపలు తడిగోనె కింద నీడలో ఎదురుచూసేవి. చేప చచ్చినా దాని పొట్ట పని ఆపదు. లోపలి రసాలు తమ మానాన తాము అరిగిస్తూనే ఉంటాయి. పెంకు, రెక్క, ముల్లు మిగులుతాయి. మెత్తటిది ఏదైనా మూడు గంటల్లో ముద్ద. ఇది ఆవిడకు తెలియదా? ఆవిడకు తెలిసినంత ఎవరికీ తెలియదు. అయినా కాగితం పైన "కోసిన సమయం" అన్న చోట రోజూ ఎనిమిది అని వేసింది. ముద్ద ఎక్కువ కనిపించినప్పుడు, ఈ మధ్య చేపలు బాగా నమిలి తింటున్నాయి కాబోలు అనుకుంది. మనిషి తలుచుకుంటే తనకు తాను ఏదైనా నమ్మించుకోగలదు.

ఈత ఏడాదిలో వచ్చేసింది. రెండో ఏడు ఊరికే ఈదింది. కొలను మరమ్మతులకని మూశారు, మళ్లీ తెరవలేదు. ఆవిడ మళ్లీ ఎనిమిదింటికి వచ్చేసింది. తర్వాత ముద్ద మళ్లీ మామూలుకొచ్చింది కాబట్టి సంగతి మరిచిపోయింది. చెడ్డ రాత ఏమిటంటే, పడమటి మూలలో వల వేసింది ఆ రెండేళ్లే. ఆ తర్వాత అక్కడ గడ్డి పెరిగి పడవ మోటారు రెక్కకు చుట్టుకుంటోందని మానేశారు. ఆ మూల గురించి లోకంలో ఉన్న సాక్ష్యమంతా ఆవిడ ఈత ఈదిన రోజులదే.

బుధవారం మీటింగు పెట్టారు. తవ్వకాల ఇంజనీరు మ్యాపు పరిచాడు. లెక్కలపిల్ల నిలబడి తన ఎనభై ఆరు పాళ్లూ చెప్పింది. పెద్దసారు ఓపిగ్గానే విన్నాడు.

"అమ్మాయీ, నువ్వు తెలివైనదానివే," అన్నాడు. "కానీ నీది ఊహ. ఈవిడది కొలత. రెండొందల పన్నెండు పొట్టలు కోసి, కళ్లతో చూసి లేదంది. పొద్దున్నే ఎనిమిదింటికల్లా కత్తెర పట్టుకునే మనిషి. చూడకపోతే గడి ఖాళీగా వదిలేయండి అని మనందరికీ నేర్పిన మనిషి. ఆవిడ లేదంటే లేదు."

గదిలో అందరూ పొట్టలమ్మ వైపు మెచ్చుకోలుగా చూశారు. ఒకరిద్దరు చప్పట్లు కూడా కొట్టారు. ఆవిడ తేలు కుట్టిన దొంగలా కూర్చుంది. లెక్కలపిల్ల ముఖం కందగడ్డలా అయింది. కాగితాలు సర్దుకుని కూర్చుంది.

"శుక్రవారం పన్నెండింటికి సంతకం పెట్టేస్తాను," అన్నాడు పెద్దసారు.

మధ్యలో ఉన్నది ఒక్క గురువారం. నోరు మూసుకుంటే పడమటి మూల పోతుంది, దానితో మీసాలోడూ, వలలవాళ్లూ. నోరు తెరిస్తే ఇరవై ఆరేళ్ల పేరు పోతుంది. రిటైరు కావడానికి ఇంకా పధ్నాలుగు నెలలు.

సాయంత్రం ఆవిడ ఇంటికి వెళ్లేసరికి భర్త వంటింటి బల్ల మీద ఫ్యాను మోటారు విప్పుకుని కూర్చున్నాడు. కాలిపోయిన ఫ్యాన్లకు తీగ చుట్టి బాగుచేయడం ఆయన పని. చేతిలో రాగితీగ, నోట్లో స్క్రూ.

"మీకో సంగతి చెప్పాలి," అంది. "పదకొండేళ్ల కిందటిది."

ఆయన స్క్రూ తీసి బల్ల మీద పెట్టాడు. "ఈతా?"

ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చుంది.

"మేడ మీద నీళ్ల ట్యాంకు వెనకాల నల్ల డ్రెస్సు ఆరేసేదానివి కదా. రెండేళ్లు ఆరింది. నేను గుడ్డివాణ్నా?"

"మరి అడగలేదేం?"

"చెబుతావేమోనని చూశాను. చెప్పలేదు. సర్లే, మునిగిపోకుండా ఇంటికొస్తోంది కదా అనుకున్నాను."

ఆవిడ అప్పుడు మిగతాదంతా చెప్పింది. గోనె, ముద్ద, కాగితం మీది ఎనిమిది, తవ్వకాలు, శుక్రవారం. ఆయన తీగ చుట్టడం ఆపకుండా విన్నాడు. చివరికి, "ఈత అని చెప్పకు," అన్నాడు. "నవ్వుతారు. మా అమ్మకు ఒంట్లో బాగోలేక ఆసుపత్రికి తిప్పానని చెప్పు. ఎవరూ ఏమీ అనరు."

"మీ అమ్మ అప్పటికి పోయి మూడేళ్లు."

"ఆఫీసులో వాళ్లకేం తెలుసు?"

"నాకు తెలుసు కదండీ. ఇంకో తప్పుడు రాత నేను మొయ్యలేను."

"అయితే నీ ఇష్టం," అన్నాడాయన. "ఆ తెల్ల తీగ ఇటివ్వు."

గురువారం ఉదయం ఏడున్నరకే ఆవిడ ఒడ్డుగది తాళం తీసింది. నిజం చెప్పేస్తే గుండె తేలికవుతుందని చెప్పేవాళ్లు బహుశా ఎప్పుడూ చెప్పి ఉండరు. ఆవిడ పొద్దున కాఫీ కూడా ముట్టలేదు. లెక్కలపిల్ల బ్యాగు దించకముందే మొత్తం గడగడా అప్పజెప్పేసింది, పాఠం తప్పుతుందేమోనన్న బడిపిల్లలా.

ఆ పిల్ల కుర్చీలో కూలబడింది. పొట్టలమ్మ చీవాట్లకు సిద్ధపడింది.

"ఎంతసేపు?" అంది ఆ పిల్ల.

"ఏంటి ఎంతసేపు?"

"చేప చచ్చాక ఎంతసేపటికి కోసేవారు? రెండు గంటలా? మూడా? ఖచ్చితంగా అక్కర్లేదు మేడం, ఇంతకూ ఇంతకూ మధ్య అని చెప్పండి చాలు!" ఆ పిల్ల కళ్లు మెరిసిపోతున్నాయి. "నెలరోజులుగా జుట్టు పీక్కుంటున్నాను. నా లెక్కలో తప్పెక్కడుందా అని. అబ్బ, నెత్తిన పాలు పోశారు!"

పొట్టలమ్మకు కాసేపు కోపమొచ్చింది. రాత్రంతా నిద్రలేకుండా మోసుకొచ్చిన పాపాన్ని ఈ పిల్ల పండులా అందుకుంటోంది.

చేపల తట్టతో పడవవాడు గుమ్మంలోకి వచ్చాడు. సంగతి తెలుసుకుని తట్ట దించాడు. "పదింబావుకు ముందు ఏ రోజూ రాలేదు. పదిముప్పావు ఏ రోజూ దాటలేదు," అన్నాడు. "నేనేగా గోనె తడుపుతూ కూర్చుంది. తల తడిగా వచ్చేది. పోన్లే, ఇంట్లో నీళ్లు రావడం లేదేమో, ఎక్కడో పోసుకుని వస్తోంది అనుకున్నాను."

"రెండేళ్లూ అదే అనుకున్నావా?"

"నా చొక్కా పట్టుకోవడం మానేశావు కదా. అప్పుడు అర్థమైంది."

లెక్కలపిల్ల ఇదంతా పట్టించుకోలేదు. చకచకా టైపు చేస్తోంది. "దగ్గర దగ్గర మూడు గంటలు. అంటే ఎర్రదారం పొట్టలో ఉన్నా మీకు కనబడే అవకాశం లేదు. అప్పుడు ఆ రెండొందల పన్నెండూ 'లేదు' కాదు, 'చూడలేదు'. ఆధారం ఒక్కటుంటే చాలు, పెద్దసారు నోరు మెదపడు."

ఆధారం అనేసరికి పొట్టలమ్మ లేచింది. గది వెనక మూలన అల్మరా ఒకటుంది. పొట్టలోంచి తీసిన సరుకు స్పిరిటు సీసాల్లో వేసి అయిదేళ్లుంచి పారేయాలని రూలు. ఆవిడ ఏదీ పారేయలేదు. పారేయకపోవడం గొప్ప దూరదృష్టేమీ కాదు, ఆవిడ ఇంట్లో విరిగిన గొడుగులు కూడా ఏడున్నాయి. దుమ్ము పట్టిన సీసాలు, చీటీల మీద ఆవిడ చేతిరాత. పడమటి మూల, మీసాలోడు, ఒకటి, రెండు, మూడు. కొన్నిట్లో స్పిరిటు ఆవిరైపోయి అట్టకట్టింది. మిగిలినవి బాగానే ఉన్నాయి.

"ముద్దలో ఏం దొరుకుతుంది?" అంది లెక్కలపిల్ల.

"ఎర్రదారానికి ఒళ్లంతా మెత్తనే. కానీ ఒంటి పక్కల సన్నటి ముళ్లుంటాయి, బురదను పట్టుకుని పాకడానికి. వెంట్రుక ముక్కలో ముక్కంత. కొడవలిలా వంగి, కొస రెండుగా చీలి ఉంటాయి. అవి అరగవు. అప్పుడు ముద్దని పక్కన పెట్టేశాను, మైక్రోస్కోపు పెద్ద అద్దం కింద చూడలేదు. చూడనే లేదు."

మొదటి సీసాలో ఏమీ లేదు. రెండోదాంట్లో ఇసుక. మూడోదాంట్లో ఏదో పురుగు కాలు. పొట్టలమ్మ నాలుగో సీసా మూత తిప్పింది. నాలుగో ముద్దను గాజుపలక మీద పలచగా రాసి, పెద్ద అద్దం తిప్పి, మర నెమ్మదిగా బిగించింది. పసుపు మసక. ఇంకాస్త. మసకలోంచి ఒక కొడవలి తేలింది. పక్కనే ఇంకోటి. తర్వాత పది, ఇరవై, కోతలయ్యాక కుప్పేసినట్టు.

ఆవిడ లేచి పక్కకు తప్పుకుంది. లెక్కలపిల్ల కన్ను ఆనించి చూసింది, చూస్తూనే చెయ్యి చాపి ఆవిడ మోచెయ్యి పట్టుకుంది. అప్పటిదాకా చేపల గదిలో దేన్నీ ముట్టుకోని పిల్ల.

చీకటి పడేలోగా నలభై సీసాలు చూశారు. ముప్పై ఒక్క సీసాల్లో ముళ్లున్నాయి.

మైక్రోస్కోపుకు గుడ్డ కప్పుతుంటే లెక్కలపిల్ల గొంతు తగ్గించి అంది. "మేడం, ఒక మాట. రేపు ముళ్లు దొరికాయని చెబితే చాలు. టైం సంగతి ఎందుకు ఎత్తడం? కొత్తగా పెద్ద అద్దంతో చూశాం, దొరికాయి అంటాను. మీ పేరు చెడదు."

పొట్టలమ్మ ఆలోచించింది. తలుపు బార్లా తెరిచే ఉంది, పారిపోవడానికి అడ్డేమీ లేదు.

"మరి జలగ గడి?" అంది. "అప్పుడే గుడ్డులోంచి వచ్చిన చేపపిల్లల గడి? మెత్తటివి ఇంకా పదిహేడు గడులు ఆ రెండేళ్ల రాతలతో నింపావు కదా. వాటికి ముళ్లు కూడా మిగలవు. టైం తెలియకపోతే నీ లెక్కకి అవి 'లేదు'లే కదా?"

"అవును," ఒప్పుకుంది ఆ పిల్ల.

"అయితే తప్పు పట్టికే కదా అది."

దీన్ని నీతి అనక్కర్లేదు. నీతి అయితే పదకొండేళ్ల కిందటే పనిచేసేది. ఇది పనివాళ్ల పొగరు. తను కోసిన పొట్ట మీద తప్పుడు చీటీ ఉండటం ఆవిడకు గిట్టలేదు, అంతే.

శుక్రవారం పదకొండింటికి ఇద్దరూ పెద్దసారు గదికి వెళ్లారు. తవ్వకాల ఇంజనీరు అప్పటికే వచ్చి టీ తాగుతున్నాడు. లెక్కలపిల్ల ముళ్ల బొమ్మలు బల్ల మీద పరిచింది. పొట్టలమ్మ నిలబడే చెప్పింది. పెద్దసారు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు, పెట్టుకున్నాడు, మళ్లీ తీశాడు.

"ఇంట్లో ఎవరికో బాగోలేదేమో," అన్నాడు.

"లేదు సార్. అందరూ బాగానే ఉన్నారు."

"పిల్లల చదువులు..."

"పిల్లలు లేరు సార్."

"అమ్మా, ఆడవాళ్లకు ఇంటి బాధ్యతలు ఎన్నుంటాయో నాకు తెలుసు. ఎవరికోసమో మీరు..."

"ఈత నేర్చుకోవడానికి వెళ్లాను సార్. నాకోసమే."

పెద్దసారు సాకులన్నీ అయిపోయాయి. ఆయన కళ్లజోడు పెట్టుకుని ఆవిడ వైపు చూశాడు.

"వచ్చిందా?"

"వచ్చింది సార్. ఏడాదిలో వచ్చింది. రెండో ఏడు ఊరికే వెళ్లాను."

ఇంజనీరుకు పొలమారింది. టీ మ్యాపు మీద పడింది.

"ఇరవై ఆరేళ్లలో ఇలాంటివి ఇంకేమైనా ఉన్నాయా? ఇప్పుడే చెప్పండి," అన్నాడు పెద్దసారు.

ఆవిడ నిజంగానే గుర్తు చేసుకుంది. "ఒకసారి ఒక చేపను ఇంటికి పట్టుకెళ్లాను సార్. పొట్ట తీసి, చూసి, రాశాకే."

పెద్దసారు భుజాలు కదిలాయి. ముందు దగ్గనుకున్నారు, నవ్వు. నవ్వి నవ్వి కుర్చీకి చేరగిలబడ్డాడు. "మీకు తెలుసా," అన్నాడు, "వలలవాళ్లు పది రోజులుగా నా గుమ్మం ముందు కూర్చుంటున్నారు. మీసాలోడు ఆ బురద తినే బతుకుతాడు సార్ అని ఒట్లు వేస్తున్నారు. వాళ్లు చెప్పేది నిజమేనని నా మనసుకు తెలుస్తోంది. ఏం చెయ్యను? రికార్డు లేదంటోంది. ఈవిడ రికార్డుని కాదని సంతకం ఎలా ఆపను? తిన్నది ఒంటబట్టడం లేదు." ఫైలు మూసి పక్కకు తోసేశాడు. "పోయింది పీడ."

"నాకు ఏ మూలైనా ఒకటే సార్," అన్నాడు ఇంజనీరు, మ్యాపు తుడుస్తూ. "తూర్పు వైపు ఉత్త ఇసుక. అక్కడ తవ్వుకుంటాను. చేతిలో యంత్రం పెట్టారు, ఎక్కడో ఒకచోట తవ్వాలి కదా."

శిక్ష లేకపోలేదు. ఆ రెండేళ్ల కాగితాల్లో పడమటి మూలవి రెండొందల పన్నెండూ ఆవిడే దిద్దాలి. ఎనిమిది కొట్టేసి, "పదింబావుకూ పదిముప్పావుకూ మధ్య" అని రాసి, పక్కన సంతకం, కింద కారణం. నాలుగు రోజులు పట్టింది. మొదటి రోజు గుమాస్తా వచ్చి తొంగిచూశాడు. "కారణం దగ్గర 'వ్యక్తిగతం' అని వేసేయండి మేడం, గౌరవంగా ఉంటుంది," అన్నాడు. ఆవిడ తల ఎత్తలేదు. రెండొందల పన్నెండు సార్లూ "ఈత" అనే రాసింది. యాభయ్యో కాగితం దగ్గర చెయ్యి నొప్పి పుట్టింది. వందోది దాటాక ఈలపాటలాంటిదేదో నోట్లో ఆడటం మొదలైంది. భుజాల మీద నుంచి ఏదో దిగిపోయిందని ఆవిడ అనుకోలేదు. ఆకలేస్తోందని అనుకుంది. మూడు రోజుల తర్వాత మొదటిసారి ఆకలేస్తోంది.

లెక్కలపిల్ల పట్టికలో ఆ గడి నూటికి తొంభై ఎనిమిదికి చేరింది. "మిగతా రెండు పాళ్లు ఎందుకు? ముళ్లు చూశాం కదా!" అని పడవవాడు దెబ్బలాడాడు. "మీసాలోడు తిన్న ఇంకో చేప పొట్టలోవి కావచ్చుగా," అంది ఆ పిల్ల. "నీకు పెళ్లి చేస్తే పెళ్లికొడుకు గతేం కాను," అని వాడు నెత్తి బాదుకున్నాడు. పదిహేడు గడుల్లోని "లేదు"లు మాత్రం లేచిపోయాయి. వాటి స్థానంలో ముప్పై, యాభై, అరవై అని అంకెలొచ్చాయి. ఎంత తెలియదో ఇప్పుడు తెలుసు.

మిగిలిన రెండు పాళ్ల కోసం తర్వాతి వారం ముగ్గురూ పడమటి మూలకు వెళ్లారు. తెల్లవారుతోంది. గడ్డి చుట్టుకున్నప్పుడల్లా పడవవాడు రెక్కను పైకెత్తి, తిట్టి, కత్తితో కోసి మళ్లీ దించాడు. మొదటి వల లాగగానే మీసాలోడు ఒకటి పడవలో పడి కొట్టుకుంది. పొట్టలమ్మ గాజు పళ్లెం ఒళ్లో పెట్టుకుని అక్కడికక్కడే పని కానిచ్చింది. పడవ ఊగింది, ఆవిడ చెయ్యి మాత్రం ఊగలేదు. పొట్ట విప్పింది.

ముద్ద లేదు. ఎర్రటి దారాలు, చిక్కుపడ్డ ఉండలా. ఒకటి రెండు ఇంకా కదులుతున్నాయి కూడా. లెక్కలపిల్ల వంగి చూసింది, ముక్కు మూసుకోవడం మరిచిపోయి.

పొట్టలమ్మ మోకాలి మీద కాగితం ఆనించి రాసింది. పడమటి మూల. మీసాలోడు. ఎర్రదారం, ఉంది. కోసిన సమయం, ఆరూ నలభై.

పడవవాడు వల వదిలి మణికట్టు తిప్పి చూసుకున్నాడు.

"నలభై రెండమ్మా."

ఆవిడ సున్నను అడ్డంగా కొట్టేసి, పైన రెండు వేసి, పక్కన సంతకం పెట్టింది.